తెలుగు మాధ్యమంలో చదివినవారికి పీవో పరీక్షలోని ఇంగ్లీషు ప్యాసేజీ ఎందుకు లొంగడం లేదు?

ప్రశ్న: మార్కాపురం పలక

అందరికీ నమస్కారం. నేను ఒకటో తరగతి నుంచి బీకాం దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఏడాదిన్నరగా నంద్యాలలో గది అద్దెకు తీసుకొని బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్ (బ్యాంకు అధికారి ఉద్యోగాల నియామక పరీక్షలో తొలి దశ) రెండుసార్లు రాశాను. రెండుసార్లూ రీజనింగ్‌లోనూ లెక్కల్లోనూ కటాఫ్ దాటాను, రెండుసార్లూ ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయాను. ప్రతి విభాగంలోనూ విడివిడిగా కటాఫ్ దాటాలన్న నిబంధన ఉండటంతో మిగిలిన రెండింటిలో ఎన్ని మార్కులు వచ్చినా అక్కరకు రాలేదు. గ్రామీణ బ్యాంకుల ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు ఉండదు కనుక ఆ దారి పట్టమని గదిలోని మిత్రులు సలహా ఇస్తున్నారు. ఆ పరీక్ష కూడా రాస్తాను, అయితే ఇంగ్లీషుకు భయపడి పీవో వదులుకున్నానన్న మాట మిగలడం నాకు ఇష్టం లేదు.

నా ఇబ్బంది ఇదీ. శిక్షణ కేంద్రంలో పదిహేను వందల ఇంగ్లీషు మాటల పట్టిక ఇచ్చారు. రోజుకు ముప్పై చొప్పున, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకొని కంఠస్థం చేశాను. ఎవరైనా అడిగితే పదకొండు వందల మాటలకు తడుముకోకుండా అర్థం చెప్పగలను. కాని ప్యాసేజీలో అవే మాటలు వరుసగా కనిపించినప్పుడు ఒక్కొక్క మాటా తెలుస్తుంది, వాక్యం తెలియదు. మొన్నటి మాక్ టెస్టులో రిజర్వు బ్యాంకు ‘అకామడేటివ్ స్టాన్స్’ గురించి ఒక ప్యాసేజీ వచ్చింది. నా నోటుపుస్తకం ప్రకారం అకామడేట్ అంటే వసతి కల్పించడం, స్టాన్స్ అంటే నిలబడే తీరు. రిజర్వు బ్యాంకు ఎవరికి వసతి కల్పిస్తూ ఎలా నిలబడిందో అర్థం కాక మూడుసార్లు మొదటికి వచ్చాను. ముప్పై ప్రశ్నలకు ఇరవై నిమిషాలు ఉంటే ఆ ఒక్క ప్యాసేజీకే పదకొండు నిమిషాలు పోయాయి, దాని కింద ఉన్న ఎనిమిది ప్రశ్నల్లో మూడు మాత్రమే సరిపోయాయి.

ఈ పట్టిక చదవడం కొనసాగించాలా, మానేయాలా? ‘ద హిందూ’ సంపాదకీయం రోజూ చదవమని అందరూ అంటారు, నాకు మొదటి పేరా దాటడం లేదు. ముందు ప్రశ్నలు చూసి ప్యాసేజీ చదవాలా, ప్యాసేజీ చదివి ప్రశ్నలకు రావాలా? ఇదే దారిలో నడిచి గట్టెక్కినవారు చెబితే మేలు చేసినవారవుతారు.


జవాబు: నాలుగో కౌంటరు

తమ్ముడూ, మీ ‘వసతి కల్పించే రిజర్వు బ్యాంకు’ చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అలాంటి నోటుపుస్తకమే నింపాను. నేనూ తెలుగు మాధ్యమమే. ఇప్పుడు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారిగా ఉన్నాను. మూడో ప్రయత్నంలో ఎంపికయ్యాను కాబట్టి మీలాగే రెండుసార్లు తప్పే అవకాశం నాకూ దక్కిందనుకోండి.

మీకు ఆ వాక్యం అర్థం కాకపోవడానికి మొదటి కారణం ఇంగ్లీషు కాదు. ద్రవ్య విధానం అంటే ఏమిటో మీకు అప్పటికి తెలుగులో కూడా తెలియకపోవడం అసలు కారణమని నా అనుమానం. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తాను ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద వేసే వడ్డీని) 6.25 శాతం నుంచి 6 శాతానికి తగ్గిస్తూ, తన వైఖరిని తటస్థం నుంచి ‘అకామడేటివ్’కు మార్చుకున్నట్లు ప్రకటించింది. అంటే ఇకమీదట వడ్డీ రేట్లు తగ్గే వైపో, ఉన్నచోటే నిలిచే వైపో చూస్తాం గాని, పెంచే ఆలోచన ఇప్పటికి లేదని చెప్పడం. జూన్‌లో మళ్లీ అర శాతం తగ్గించి 5.50కి తెచ్చి, వైఖరిని తిరిగి తటస్థానికి మార్చింది. తెలుగు దినపత్రికల వ్యాపార పేజీల్లో ఆ ‘అకామడేటివ్’ వైఖరిని ‘సర్దుబాటు ధోరణి’ అని రాశారు. ఆ వార్తను ముందురోజు తెలుగులో చదివి ఉంటే, ‘అకామడేటివ్’ అన్న మాట జీవితంలో మొదటిసారి చూసినా మీరు దాని అర్థాన్ని వాక్యంలో నుంచే పట్టుకునేవారు. నంద్యాలలో మనకు అకామడేషన్ అంటే గది, మెస్సు, నెలకు ఇంత అద్దె. ప్యాసేజీ రాసినవారికి మన అద్దె గది సంగతి తెలియదు కదా.

అందుచేత నా మొదటి సలహా కొంచెం తలకిందులుగా ఉంటుంది: ఇంగ్లీషు పరీక్ష కోసం రోజూ ఇరవై నిమిషాలు తెలుగు పత్రిక చదవండి. వ్యాపార పేజీ, వ్యవసాయ ధరలు, బ్యాంకుల మొండి బకాయిలు, ద్రవ్యోల్బణం, వాతావరణం. అదే వార్తను అదే రోజు ఇంగ్లీషు పత్రికలో చదవండి. సంగతి ముందే తెలుసు కనుక మీ కళ్లు అర్థం కోసం వెతుక్కోవు, ఆ సంగతిని ఇంగ్లీషు ఎలా చెప్పిందో చూస్తాయి. సంపాదకీయం జోలికి ఇప్పుడే వెళ్లకండి. సంపాదకీయం జరిగిన సంగతి మనకు తెలుసనుకొని దాని మీద వ్యాఖ్యానిస్తుంది. వార్త అలా కాదు, ఎవరు ఏం చేశారో మొదటి వాక్యంలోనే చెబుతుంది. మూడు నెలలు వార్తలు, ఆ తరువాత సంపాదకీయాలు.

రెండో కారణం వాక్యం అల్లిక. దీని గురించి నాకు ఎవరూ చెప్పలేదు, చాలా ఆలస్యంగా నాకై నేనే కనుక్కున్నాను. ఈ తెలుగు వాక్యం చూడండి: 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించగా 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైన ఆంధ్రా బ్యాంకులోనే మా నాన్నకు తొలి పంట రుణం దొరికింది. మన భాషలో విశేషణాలన్నీ ఊరేగింపులా ముందు నడుస్తాయి, బ్యాంకు పేరు వెనుక వస్తుంది, ‘దొరికింది’ అన్న క్రియ చిట్టచివర వస్తుంది. ఇంగ్లీషులో ఇదే సంగతి రాస్తే నాన్న, దొరకడం, రుణం అన్నవి మొదటి అయిదారు మాటల్లోనే వచ్చేస్తాయి. ఆ తరువాత బ్యాంకు పేరు వస్తుంది, దాని పుట్టుక, విలీనం తోకలా వెనుక వేలాడతాయి. మనం ఏం చేస్తామంటే, ఇంగ్లీషు వాక్యాన్ని చివరిదాకా చదివి, తోక పట్టుకొని వెనక్కి నడిచి, మనసులో తెలుగు వాక్యంగా కట్టుకొని, అప్పుడు అర్థం చేసుకుంటాం. అంటే ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదువుతున్నాం. మీ పదకొండు నిమిషాల్లో సగం అక్కడే పోయి ఉంటాయి.

దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. మన అమ్మమ్మలు కథ చెప్పేటప్పుడు ఒక రాజు ఉండేవాడు అంటారు, ఆగుతారు, ఆయనకు ఏడుగురు కొడుకులు అంటారు, మళ్లీ ఆగుతారు. ఇంగ్లీషు వాక్యాన్ని అలా ముక్కలుగా, ముందుకే వెళుతూ చదవండి. నాన్నకు రుణం దొరికింది. ఎక్కడ? ఆంధ్రా బ్యాంకులో. అది ఎలాంటి బ్యాంకు? 1923లో పెట్టినది. తరువాత ఏమైంది? కలిసిపోయింది. మనసులో ఈ ప్రశ్నలు వేసుకుంటూ వెళితే వెనక్కి రావలసిన అవసరం ఉండదు. మొదట్లో పెన్సిలుతో వాక్యానికి ఒక గీత, కర్తా క్రియా దొరికిన చోట, గీసుకోండి. నెలరోజుల తరువాత పెన్సిలు అక్కరలేదు.

ఇక మీ పట్టిక సంగతి. నా అభిప్రాయంలో దాన్ని అటక మీద పెట్టవచ్చు. నన్ను పరీక్షలో ముంచినవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలు. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నాయని, ఆ ముందున్న ‘ఎ’ తీసేసి ‘ఫ్యూ’ అంటే దాదాపు లేవని. ‘హార్డ్‌లీ’కి కష్టంతో సంబంధం లేదు, అది లేదనడానికి దగ్గరి మాట. ‘వైల్’ ఒకచోట కాలాన్ని చెబుతుంది, ఇంకోచోట ‘అయితే మరోవైపు’ అని చెబుతుంది. ‘సిన్స్’ కూడా అంతే, ఒకసారి ‘అప్పటినుంచి’, ఒకసారి ‘కాబట్టి’. ‘అన్‌లెస్’ ఉన్న వాక్యాన్ని చాలామంది తలకిందులు చేస్తారు, దానికి తెలుగులో చక్కటి జోడీ ఉంది: వడ్డీ తగ్గితే తప్ప రుణాలు పెరగవు. ఆ ‘తప్ప’యే అన్‌లెస్. ‘ఫార్ ఫ్రమ్’తో వాక్యం మొదలైతే అది దూరం గురించి కాదు, ‘ధరలు తగ్గించకపోగా పెంచింది’ అనడంలోని ‘-కపోగా’. ‘లెట్ అలోన్’ కనిపిస్తే మనం ‘అసలు సంగతి దేవుడెరుగు, వడ్డీ కూడా రాలేదు’ అంటాం చూడండి, అదే. ఇలాంటివి మొత్తం యాభై అరవైకి మించవు. ఇవి ఒక్కొక్కటీ ప్యాసేజీలో రచయిత ఎటు తిరిగాడో చెప్పే మలుపు బోర్డులు. బోర్డు చూడకుండా బండి నడిపితే ఎక్కడికి చేరతామో మీకు చెప్పనక్కరలేదు.


జవాబు: పలకా బలపం

పైన అధికారిగారు చెప్పిన వాక్య నిర్మాణం సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఆ తిరకాసును నల్లబల్ల మీద గీసి చూపించడానికి ఎన్ని సుద్దముక్కలు అరగదీశానో లెక్క లేదు. కాని మాటల పట్టికను అటక మీద పెట్టమనడాన్ని మాత్రం ఒప్పుకోలేను. చెడ్డ పట్టికను మానేయవచ్చు గాని, మాటలు నేర్చుకోవడాన్ని మానేస్తే ఎలా బాబూ?

రెండో భాషగా ఇంగ్లీషు నేర్చుకొనేవారి పదసంపద మీద జీవితమంతా పనిచేసిన న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్, ఎవరి సాయమూ లేకుండా ఒక పాఠాన్ని హాయిగా అర్థం చేసుకోవాలంటే అందులో నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని తేల్చారు. నాలుగు వందల మాటల ప్యాసేజీ అనుకుంటే, తెలియని మాటలు ఎనిమిది ఉండవచ్చు. నూటికి 95 తెలిస్తే తెలియనివి ఇరవై అవుతాయి. నూటికి 90 అయితే నలభై, అంటే దాదాపు ప్రతి వరుసలోనూ ఒక గుంట. ఎనిమిది గుంటలను సందర్భాన్ని బట్టి దాటవచ్చు, నలభై గుంటలున్న దారిలో ఎంత మంచి డ్రైవరైనా దిగి నడవాల్సిందే. ఈ లెక్క మీకు ఇంకో విధంగానూ పనికివస్తుంది. ఏ పత్రిక చదవాలన్న ప్రశ్నకు జవాబు మరొకరిని అడగనక్కరలేదు. వ్యాసంలో మొదటి నూరు మాటలు లెక్కపెట్టి, తెలియనివాటి కింద గీత గీయండి. గీతలు అయిదు దాటితే ఆ వ్యాసం ఇప్పటికి మీది కాదు. సిగ్గుపడకుండా తేలికైనదానికి దిగండి. మీకు సంపాదకీయం మొదటి పేరా దాటకపోవడంలో మీ తప్పేమీ లేదు.

ఇక ఏ మాటలు నేర్వాలన్నది. శిక్షణ కేంద్రాల పట్టికల్లో చాలావరకు వినడానికి గంభీరంగా ఉండే అరుదైన మాటలు ఉంటాయి. అవి పదేళ్లకు ఒకసారి కనిపిస్తాయి. వెల్లింగ్టన్ విక్టోరియా విశ్వవిద్యాలయంలో ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఒక పట్టిక ప్రకటించారు. రకరకాల శాస్త్రాల పాఠాలన్నింటిలోనూ తరచూ వచ్చే 570 పదకుటుంబాలు అందులో ఉన్నాయి. అకడమిక్ వర్డ్ లిస్ట్ అని వెతికితే ఉచితంగానే దొరుకుతుంది. ఆ 570 కుటుంబాలే విద్యావిషయక రచనల్లో నూటికి పది మాటల దాకా ఆక్రమిస్తాయని ఆమె లెక్క. అల్లొకేట్, కన్‌స్ట్రెయిన్, సస్టెయిన్, ఫ్లక్చువేట్, ఇంప్లిసిట్ వంటివి అందులోవే. మీ ప్యాసేజీల్లో వీటిని లెక్కపెట్టి చూడండి, ప్రతి పేరాలో ఒకటి రెండు తగులుతాయి. పదిహేను వందల అరుదైన మాటలకన్నా ఈ 570 కుటుంబాలు మీకు పదింతలు మేలు చేస్తాయి.

నోటుపుస్తకం తీరు కూడా మార్చాలి. ఎడమన ఇంగ్లీషు మాట, కుడిన తెలుగు మాట అనే పద్ధతిలో మాట ఒంటరిదైపోతుంది. మాటకు బదులు మీరు చదివిన వాక్యాన్నే రాసుకోండి, ఆ మాట ఉన్న చోట ఖాళీ వదలండి, వెనుక పేజీలో మాట రాయండి. మరునాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఆ ఖాళీని నింపగలరేమో చూసుకోండి. నేర్చినది మొదటి కొద్ది గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకొని చూపించాడు. ఒకే రోజు ముప్పైసార్లు వల్లె వేయడంకన్నా నెలలో అయిదుసార్లు గుర్తుచేసుకోవడం మేలు.

తెలుగువారికి ఒక అదృష్టమూ ఒక దురదృష్టమూ ఉన్నాయి, రెండూ చెబుతాను. అదృష్టం ఏమిటంటే, మన వాడుకలో ఉన్న చాలా సంస్కృత పదాలకూ ఇంగ్లీషులోకి వచ్చిన లాటిన్, గ్రీకు పదాలకూ మూలం ఒకటే కావడం. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఈ చుట్టరికాన్ని గట్టిగా చాటాడు. దంతం, డెంటల్. మృతి, మోర్టాలిటీ. ‘అంతర్జాతీయం’లోని అంతర్, ఇంటర్. అజ్ఞానంలోని అకారమూ ‘జ్ఞా’ ధాతువూ, అగ్నాస్టిక్‌లోని ‘అ’, ‘గ్నా’ అన్నదమ్ములే, అయితే అర్థం అజ్ఞాని అని కాదు, దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు. ఇలా ఒక కొక్కెం దొరికితే మాట మనసులో వేలాడి ఉంటుంది. అచ్చ తెలుగు మాటలైన పన్ను (దంతం), చావు, పేరులతో ఈ ఆట సాగదు, మన భాష వేరే కుటుంబానిది కదా.

దురదృష్టం కూడా ఈ చుట్టరికంలోనే పొంచి ఉంది. నామం, నామినల్ చుట్టాలే. కాని నామినల్ వడ్డీ రేటు అని ప్యాసేజీలో చూసి నామమాత్రపు వడ్డీ అనుకుంటే మునిగినట్లే. ద్రవ్యోల్బణాన్ని మినహాయించకుండా పైకి కనిపించే వడ్డీ అని అక్కడి అర్థం, అది పన్నెండు శాతమైనా కావచ్చు. అంతకన్నా పెద్ద గొయ్యి, తెలుగులో స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటలు. మనకు సెంటిమెంట్ అంటే మంగళవారం కొత్త పని మొదలుపెట్టకపోవడం. వ్యాపార పత్రికలో మార్కెట్ సెంటిమెంట్ అంటే మదుపరుల మొగ్గు. మనవాడు ‘ఫీలయ్యాడు’ అంటే నొచ్చుకున్నాడని, ఇంగ్లీషులో దానికి ఏ అనుభూతి అయినా కావచ్చు. ‘మేనేజ్ చేశాడు’ అంటే మనకు ఎవరినో మచ్చిక చేసుకొని పని నెట్టుకొచ్చాడని, అక్కడ నిర్వహించాడని, లేదా కష్టపడి ఎలాగో సాధించాడని. తెలియని మాట దగ్గర మనిషి జాగ్రత్తగా ఆగుతాడు, తెలుసనుకున్న మాట దగ్గరే జారిపడతాడు. మీ ‘అకామడేటివ్’ అలాంటిదే.


జవాబు: మెస్సు భోజనం

పై ఇద్దరూ చదవడం గురించి చెప్పారు కనుక నేను పరీక్ష గది గురించి మాత్రం చెబుతాను. నిరుడు ఎంపికయ్యాను, అంతకుముందు ఇంగ్లీషులోనే రెండుసార్లు పోయింది.

ముప్పై ప్రశ్నలకు ఇరవై నిమిషాలంటే ప్రశ్నకు నలభై సెకన్లు. నిమిషానికి నూట యాభై మాటలు చదవగలిగితే నాలుగు వందల మాటల ప్యాసేజీకి మూడు నిమిషాల లోపే పడుతుంది, ఎనభై మాటలే చదవగలిగితే అయిదు నిమిషాలు. ముందు మీ వేగం ఎంతో గడియారం పెట్టుకొని తెలుసుకోండి. నేను ప్యాసేజీని ఎప్పుడూ చివరికి ఉంచుకునేదాన్ని. తప్పులు పట్టేవి, ఖాళీలు నింపేవి, వాక్యాలను వరుసలో పేర్చేవి ముందు పూర్తి చేసి, ప్యాసేజీకి కనీసం ఎనిమిది నిమిషాలు మిగుల్చుకునేదాన్ని. ప్రశ్నలు ముందా, ప్యాసేజీ ముందా అన్నదానికి నా జవాబు: ప్రశ్నలను మాత్రమే ఒక అర నిమిషం చూడండి, జవాబుల ఎంపికలను చూడవద్దు. ఎంపికలు ముందే చూస్తే నాలుగు అబద్ధాలను మోసుకొని ప్యాసేజీలోకి వెళతారు.

నెగెటివ్ మార్కుల లెక్క చాలామంది భయంతో తప్పుగా వేస్తారు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, ఎంపికలు అయిదు. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, సున్నా. అయిదింటిలో ఒకదాన్ని ఖాయంగా కొట్టేయగలిగితే కొద్దిగా లాభం, రెండింటిని కొట్టేయగలిగితే ప్రశ్నకు సగటున మార్కులో ఆరోవంతు లాభం. కనుక రెండు కొట్టేసిన తరువాత కూడా వదిలేయడం పొదుపు కాదు, నష్టం. అసలేమీ తెలియనిదాని మీద మాత్రం ఒక్క సెకను కూడా పెట్టవద్దు.


మళ్లీ అడిగినది: మార్కాపురం పలక

అందరికీ కృతజ్ఞతలు. ఆరు వారాల తరువాత రాస్తున్నాను. నూరు మాటల లెక్క చేసి చూస్తే సంపాదకీయంలో పద్నాలుగు గీతలు పడ్డాయి, వ్యాపార వార్తలో ఆరు పడ్డాయి, అంటే హద్దుకు ఒకటే ఎక్కువ. ప్రస్తుతం వార్తలే చదువుతున్నాను. ముందు తెలుగు, తరువాత ఇంగ్లీషు పద్ధతి బాగా పనిచేస్తోంది, ప్యాసేజీ సమయం ఏడు నిమిషాలకు దిగింది. ‘తప్ప’, ‘-కపోగా’ల జాబితా నేనే సొంతంగా నలభై రెండు దాకా పెంచుకున్నాను.

కాని కొత్త చిక్కు వచ్చింది. ‘ప్యాసేజీ నుంచి ఏమి ఊహించవచ్చు’ అన్న రకం ప్రశ్నలు ఇదివరకటికన్నా ఎక్కువ తప్పుతున్నాయి. నిన్నటి ప్యాసేజీ సారాంశం ఇది: 2025 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు రెపో రేటు మూడు విడతల్లో 6.50 నుంచి 5.50 శాతానికి దిగింది, అయినా పాత గృహరుణాలు ఉన్న కొందరి నెలవాయిదాలు వెంటనే తగ్గలేదు. ఎంపికల్లో నేను ‘పాత రుణాలు ఎంసీఎల్ఆర్‌తో ముడిపడి ఉండటమే ఆలస్యానికి కారణం’ అన్నది పెట్టాను (ఎంసీఎల్ఆర్ అంటే బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి తానే నిర్ణయించుకునే వడ్డీ ప్రమాణం). ‘రేటు తగ్గింపు ఫలితం రుణగ్రహీతలందరికీ ఒకే సమయంలో అందదు’ అన్నది సరైన జవాబట. నేను పెట్టినది అబద్ధమా?


జవాబు: నాలుగో కౌంటరు

అబద్ధం కాదు తమ్ముడూ, నిజమే. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చలన వడ్డీ (ఫ్లోటింగ్) గృహరుణాలను రెపో వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, అంతకుముందువి చాలావరకు ఎంసీఎల్ఆర్ మీద నడుస్తున్నందువల్ల వాటిలో మార్పు నెమ్మదిగా వస్తుంది. మా శాఖలో రోజుకు ఇద్దరికైనా ఈ సంగతే చెబుతుంటాను. కాని మీ ప్యాసేజీలో ఎంసీఎల్ఆర్ అన్న మాట ఉందా? మీరు రాసిన సారాంశంలో లేదు. నేను తెలుగు పత్రిక చదవమన్నది ప్యాసేజీ త్వరగా అర్థం కావడానికి. ఆ తెలిసిన సంగతితోనే జవాబు పెట్టమని నేను చెప్పలేదు, చెప్పి ఉండాల్సిందేమో, ఆ లోపం నాది. చదివేటప్పుడు మీకు తెలిసినదంతా వెంట తీసుకెళ్లండి, జవాబు పెట్టేటప్పుడు దాన్ని గుమ్మం బయట వదిలేయండి.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఎంపిక చేసిన జవాబుకు ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టగలరా? ‘అందరికీ ఒకే సమయంలో అందదు’ అన్నదానికి ‘కొందరి వాయిదాలు వెంటనే తగ్గలేదు’ అన్న వాక్యం మీద వేలు పెట్టవచ్చు. మీ ఎంసీఎల్ఆర్‌కు వేలు పెట్టే చోటు లేదు. ఇందులోనే ఇంకో సంగతి గమనించండి, మీ జవాబులో ‘ఆలస్యానికి కారణం’ అని ఆగకుండా ‘ఉండటమే’ అని ఉంది. ఇంగ్లీషులో అక్కడ ‘ఓన్లీ’యో, ‘సోల్’ అన్న మాటో ఉండి ఉంటుంది. ఎంపికలో అలాంటి మాట కనిపిస్తే ప్యాసేజీ కూడా అంత గట్టిగా చెప్పిందా అని వెనక్కి వెళ్లి చూడండి.


జవాబు: పలకా బలపం

‘ఉండటమే’లోని ఆ ‘మే’ను పట్టుకున్నందుకు అధికారిగారికి నా అభినందనలు. బాబూ, మీ నలభై రెండు చిన్న మాటల జాబితాను ఇక్కడ పెట్టండి. అందులో ‘లెస్ట్’, ‘బట్ ఫర్’ ఉన్నాయో లేదో చూస్తాను, లేకపోతే ఉదాహరణ వాక్యాలు నేను రాసిస్తాను.